త్రాడులేని టెలిఫోనులోని కాడ్మియము

టెలిఫోనును చేతబట్టుకొని వంటయింటిలోనికో వసారాలోనికో నడచుచు మాట్లాడగల సౌకర్యము త్రాడులేని టెలిఫోను వలన కలిగినది. సెల్‌ఫోను వచ్చిన పిదప దీని వాడుక తగ్గినది. అయినను కార్యాలయములలోను, కొన్ని ఇండ్లలోను ఇది ఇప్పటికిని పని చేయుచునే యున్నది. వాడుక మానినవి అనేకము బీరువాలలోను అటకల మీదను పడియున్నవి.

కొన్ని సంవత్సరములు వాడిన తరువాత ఈ టెలిఫోను ఒక జబ్బు చూపును. రాత్రియంతయు పీఠము మీద ఉంచినను, ఉదయము రెండు మాటలు మాట్లాడునంతలో మూగబోవును. వెనుక మూత తీసి చూచినచో ప్లాస్టిక్ తొడుగులో చుట్టిన రెండు లేక మూడు చిన్న ఘటములును, వాని నుండి వచ్చిన ఎర్ర తీగ, నల్ల తీగయు కనబడును. ఇదే దాని బ్యాటరీ. క్రొత్త బ్యాటరీ కొని పాతదానిని తీసివేయుట అయిదు నిమిషముల పని. క్రొత్తదానిని ఎట్లు పెట్టవలెనో అందరును అడుగుదురు. పాతది ఎక్కడికి పోవునో అడుగువారు అరుదు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానము రెండు వందల సంవత్సరముల చరిత్రలో ఉన్నది.

మందుల కొట్టులో దొరికిన లోహము

1817 లో జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ స్ట్రోమయర్ అను రసాయనశాస్త్ర ఆచార్యుడు ఉండెను. హానోవర్ రాజ్యములోని మందుల కొట్లను తనిఖీ చేయు బాధ్యత కూడ ఆయనదే. కొన్ని కొట్లలో జింకు ఆక్సైడు ఉండవలసిన చోట జింకు కార్బొనేటు ఉండుట ఆయన గమనించెను. కారణమేమని విచారింపగా, ఆ కార్బొనేటును కాల్చినప్పుడు తెల్లని ఆక్సైడు రాక పసుపు వన్నెగల పదార్థము వచ్చుచున్నదనియు, అందుచేత కాల్చుట మానితిమనియు తయారుచేయువారు చెప్పిరి. పసుపు వన్నెకు సామాన్యముగా ఇనుము కారణము. కాని పరీక్షించి చూడగా అందులో ఇనుము లేదు. మరి ఆ రంగు దేనిది?

స్ట్రోమయర్ ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. ఓపికతో విశ్లేషణ చేసి, జింకుతో కలిసియున్న ఒక క్రొత్త లోహమును వేరుచేసెను. జింకు ఖనిజమునకు ప్రాచీనులు పెట్టిన 'కాడ్మియా' అను పేరును బట్టి దానికి కాడ్మియము అని పేరు పెట్టెను.

ఈ పుట్టుకలోనే కాడ్మియము స్వభావము తెలియుచున్నది. దానికి సొంత గనులు లేవని చెప్పవచ్చును. జింకు ఖనిజములలో కొద్ది పాళ్ళలో కలిసియుండును. జింకును కరగించు చోటనెల్ల కాడ్మియము కూడ బయటపడును. దానిని పట్టి వాడుకొనకున్నచో పొగలోనో, బురదలోనో, ఏటి నీటిలోనో కలిసిపోవును. మొదట చిత్రకారులు పసుపు రంగుగా దీనిని వాడిరి. విద్యుత్తునకు ఇది పనికివచ్చునని తెలియుటకు ఎనుబది సంవత్సరములకు పైగా పట్టినది.

మరల నింపుకొనదగిన ఘటము

1800 లో ఇటలీ దేశస్థుడగు వోల్టా రాగి లేక వెండి బిళ్ళలను, జింకు బిళ్ళలను, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలతో ఒకదానిపై నొకటి పేర్చి ఎడతెగని విద్యుత్ప్రవాహమును పొందెను. అయితే ఆ ఘటములో జింకు కరగిపోయినచో దాని ఆయువు తీరినట్లే. 1859 లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను గంధకికామ్లములో ఉంచి, వెలుపలి నుండి విద్యుత్తును పంపి, తిరిగి ఆ విద్యుత్తును రాబట్టెను. ఇట్లు నింపుటకును తీయుటకును వీలగు దానికి సంచాయక ఘటమని పేరు. నేటి మోటారు కార్లలోని సీసపు బ్యాటరీ ఆ వంశములోనిదే. కాని సీసము బరువు. ఆమ్లము పలకలను క్రమముగా తినివేయును.

స్వీడన్ దేశమున వాల్డెమార్ యుంగ్‌నర్ అను యువకుడు మరియొక మార్గము ఆలోచించెను. ఆమ్లమునకు బదులు క్షారమును వాడినచో పలకలు చెడకుండునా? లోహముల నొకదాని తరువాత నొకటి పరీక్షించి, 1899 లో ధనపలకకు నికెల్ సమ్మేళనమును, ఋణపలకకు కాడ్మియమును, ద్రవముగా పొటాషియం హైడ్రాక్సైడును వాడి ఘటమును నిర్మించెను. కాడ్మియమునకు బదులు ఇనుమును కూడ ఆయన పరీక్షించెను. ఇనుము చౌక. కాని కాడ్మియము ఘటము మేలుగా పని చేసెను.

అదే కాలమున అమెరికాలో థామస్ ఎడిసన్ విద్యుత్ కార్ల కొరకు నికెల్ - ఇనుము ఘటమును రూపొందించుచుండెను. ఇద్దరి పేటెంటుల మధ్య వివాదము రేగెను. ఎడిసన్‌కు ధనమును కీర్తియు ఉన్నవి. యుంగ్‌నర్‌కు అవి లేవు. 1906 లో ఓస్కార్‌షామ్ పట్టణము దగ్గర ఆయన నికెల్ - కాడ్మియము ఘటముల కర్మాగారమును స్థాపించెను. 1924 లో, 55 సంవత్సరముల వయస్సున మరణించెను. తన ఘటము ఒకనాడు కోట్ల కొలది ఇండ్లలో చేరునని ఆయన ఎరుగడు.

మూసిన డబ్బా రహస్యము

ఈ ఘటము పని చేయు విధానము సులభముగా గ్రహింపదగినది. విద్యుత్తును ఇచ్చునప్పుడు కాడ్మియము, కాడ్మియము హైడ్రాక్సైడుగా మారును. నికెల్ పలకలోని ఆక్సీహైడ్రాక్సైడు, నికెల్ హైడ్రాక్సైడుగా మారును. ఛార్జి చేయునప్పుడు ఈ రెండు మార్పులును వెనుకకు జరుగును. క్షారము మధ్యవర్తి మాత్రమే. మొత్తము మీద అది ఖర్చు కాదు. ఒక్కొక్క ఘటము 1.2 వోల్టుల పీడనము నిచ్చును. రెండు ఘటములను వరుసగా కలిపినచో 2.4 వోల్టులు, మూడింటిని కలిపినచో 3.6 వోల్టులు వచ్చును. టెలిఫోను బ్యాటరీల మీద ఈ అంకెలే సాధారణముగా కనబడును.

కాని యుంగ్‌నర్ ఘటము మూత తెరచియుండిన పాత్ర వంటిది. ఛార్జి పూర్తియైన పిదప కూడ విద్యుత్తు పంపుచున్నచో నీరు విడిపోయి వాయువులు పుట్టును. అవి బయటకు పోవుటకు దారి కావలెను. తరిగిన నీటిని మరల పోయుచుండవలెను. ఇట్టిదానిని చేతిలో పట్టుకొని తలక్రిందులుగా త్రిప్పుట ఎట్లు?

1947 లో జర్మనీ దేశస్థుడగు న్యూమన్ ఈ చిక్కును విప్పెను. కాడ్మియము పలకను నికెల్ పలక కంటె పెద్దదిగా చేసినచో, నికెల్ పలక ముందుగా నిండి ఆమ్లజని వాయువును విడుచును. ఆ సమయమున కాడ్మియము పలక ఇంకను నిండదు కనుక ఉదజని పుట్టదు. ఆమ్లజని నడుమనున్న సన్నని పొర గుండా పోయి కాడ్మియముతో కలిసి మరల హైడ్రాక్సైడు అగును. పుట్టిన వాయువు లోపలనే హరించుకొనిపోవును. అందుచేత డబ్బాను పూర్తిగా మూసివేయవచ్చును.

ఈ గుణమే దానిని టెలిఫోనులోనికి తెచ్చినది. 1969 లో అమెరికాలో జార్జి స్వైగర్ట్ అను రేడియో ఔత్సాహికునికి త్రాడులేని టెలిఫోను పేటెంటు లభించెను. 1980 దశకమున ఇట్టి టెలిఫోనులు ఇండ్లలో వ్యాపించెను. మాట్లాడని సమయమంతయు ఈ టెలిఫోను పీఠము మీదనే ఉండును. సన్నని విద్యుత్ప్రవాహము పగలనక రాత్రియనక దానిలోనికి పోవుచునే యుండును. అట్టి నిరంతరపు ఛార్జిని ఓర్చుకొనగల ఘటము కావలెను. ఓర్చుకొన్నంత మాత్రమున చెడదని కాదు. ఏళ్ళు గడచుకొలది లోపలి పొర ఎండును, పలకల మీది స్ఫటికములు పెద్దవగును, పట్టుకొనగల విద్యుత్తు తగ్గును. మాట మధ్యలో టెలిఫోను మూగబోవుటకు కారణమిదే.

జింట్సు నది ఒడ్డున

కాడ్మియము కథలో చీకటి భాగము జపానులో జరిగెను. తొయామా ప్రాంతమున జింట్సు అను నది కలదు. దాని ఎగువన కమియోకా అనుచోట జింకు, సీసపు గనులు ఉండెను. ఖనిజమును కడిగిన నీటితో కాడ్మియము నదిలో కలిసెను. దిగువ రైతులు ఆ నీటిని వరిపొలములకు పారించిరి, త్రాగిరి. మడిలోని మట్టి కాడ్మియమును పట్టియుంచెను. వరి దానిని గింజలోనికి తీసికొనెను.

ఆ గ్రామములలోని స్త్రీలకు, ముఖ్యముగా పలుమారులు ప్రసవించి నడివయస్సు దాటినవారికి, ఒక వింత వ్యాధి వచ్చెను. నడుము, తొడలు భరింపరానంతగా నొప్పి పుట్టెను. నడక బాతు నడక వలె అయ్యెను. తుదకు దగ్గినంత మాత్రముననే ఎముకలు విరిగెను. 'ఇతాయి, ఇతాయి' అని వారు మూలుగుచుండిరి. జపాను భాషలో ఆ మాటకు 'నొప్పి, నొప్పి' అని అర్థము. వ్యాధికి ఆ పేరే నిలిచెను.

మొదట దీనిని ఏదో స్థానిక రోగమనియు, తిండి చాలక వచ్చిన దనియు పలువురు తలచిరి. ఆ ప్రాంతపు వైద్యుడగు నొబొరు హగినో గనుల నీటి మీద అనుమానము ప్రకటించెను. ఆయన మాటను అందరును వెంటనే ఒప్పుకొనలేదు. 1968 మే నెలలో జపాను ప్రభుత్వము కాడ్మియమే ఈ వ్యాధికి మూలమని అంగీకరించెను. బాధితులు గనుల యజమానులపై వేసిన వ్యాజ్యము 1971 లో గెలిచెను. అప్పీలు కూడ 1972 లో వీగిపోయెను. చెడిన పొలముల మట్టిని బాగుచేయు పని ముగియుటకు 2012 వరకు పట్టెను. నదిని చెరచుట సులభము, బాగుచేయుట తరముల పని అని ఈ సంవత్సరములే చెప్పుచున్నవి.

ఎముకలు ఏల మెత్తబడెను? శరీరములో చేరిన కాడ్మియము మూత్రపిండములలో నిలువయగును. అక్కడి సన్నని నాళికలు చెడి, రక్తములో నిలువవలసిన ఫాస్ఫేటు, కాల్షియము మూత్రముతో బయటకు పోవును. ఆ కొరత ఎముకలకు తగులును. ఒకసారి మూత్రపిండములలో చేరిన కాడ్మియములో సగము తరుగుటకు పది నుండి ముప్పది సంవత్సరములు పట్టును. అనగా చిన్నతనమున తిన్న విషము ముసలితనము వరకు వెంటవచ్చును.

ఈ విపత్తు బ్యాటరీల వలన వచ్చినది కాదు, గని నీటి వలన వచ్చినది. కాని లోహమొక్కటే. గనిలో నుండి వచ్చినను, చెత్తకుప్ప నుండి వచ్చినను, వరి మొక్కకు తేడా తెలియదు. అన్నమే ముఖ్యాహారముగా గల ప్రజలు మరువరాని పాఠమిది.

విద్యార్థులకు ఒక లెక్క

నికెల్ - కాడ్మియము ఘటము బరువులో సుమారు పదవ వంతు నుండి అయిదవ వంతు వరకు కాడ్మియము ఉండును. మూడు చిన్న ఘటముల బ్యాటరీ 30 గ్రాములు తూగునని అనుకొందము. పదవ వంతే తీసికొన్నను 3 గ్రాముల కాడ్మియము ఉన్నది. త్రాగు నీటిలో లీటరుకు 0.003 మిల్లీగ్రాములకు మించి కాడ్మియము ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. భారత ప్రమాణము కూడ అదే. 3 గ్రాములు అనగా 3,000 మిల్లీగ్రాములు. దీనిని 0.003 చేత భాగించినచో పది లక్షలు వచ్చును. అనగా ఒక్క బ్యాటరీలోని కాడ్మియము పూర్తిగా కరగినచో, పది లక్షల లీటర్ల నీటిని ఆ హద్దునకు చేర్చగలదు.

చెత్తలో పడిన బ్యాటరీ ఒక్కనాటిలో కరగిపోదు. ఉక్కు డబ్బా త్రుప్పుపట్టి చిల్లు పడుటకు కాలము పట్టును. కాని చెత్తను కాల్చుచోట ఆ ఆలస్యము కూడ లేదు. కాడ్మియము 321 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును, 767 డిగ్రీల వద్ద మరగును. మంటలో అది ఆవిరియై పొగతో లేచును. పీల్చినవారి ఊపిరితిత్తులకు అది మిక్కిలి హానికరము. పైగా మూసిన డబ్బా వేడికి పగిలి ఎగిరిపడవచ్చును.

ప్రత్యామ్నాయము, చట్టము

కాడ్మియమునకు బదులు ఏమి వాడవలెనను వెదకులాటలో ఉదజనిని పీల్చుకొను మిశ్రమలోహములు దొరికెను. లాంథనము, నికెల్ కలిసిన ఒక మిశ్రమలోహము, దూది నీటిని పీల్చినట్లు ఉదజనిని పీల్చుకొనునని 1960 దశకపు చివర హాలెండులోని పరిశోధకులు కనుగొనిరి. దానిని ఋణపలకగా వాడినచో కాడ్మియము అక్కరలేదు. కాని తొలి మిశ్రమములు త్వరలో చెడిపోయెను. వాని మన్నికను పెంచుటలో కృషిచేసినవారిలో అమెరికా దేశస్థుడగు స్టాన్‌ఫర్డ్ ఒవ్షిన్‌స్కీ ఒకడు. ఆయన కళాశాల మెట్టు ఎక్కినవాడు కాడు. ఆయన తండ్రి పాత లోహపు సామాను కొని అమ్మి జీవించినవాడు. 1990 ప్రాంతమున నికెల్ - లోహ హైడ్రైడు ఘటములు అంగడికి వచ్చెను. దీని పీడనము కూడ 1.2 వోల్టులే కావుట వలన పాత ఘటము స్థానమున సులభముగా అమరెను. తరువాతి టెలిఫోనులలో ఇదియే సాధారణమైనది.

చట్టములును వెంట వచ్చినవి. ఐరోపా దేశముల సముదాయము 1991 లో బ్యాటరీలపై ఒక ఆదేశమును జారీ చేసెను. 2006 నాటి ఆదేశము చిన్న బ్యాటరీలలో కాడ్మియము బరువులో 0.002 శాతమునకు మించరాదని కట్టడి చేసి, కొన్ని మినహాయింపులు ఇచ్చెను. అమెరికాలో 1996 లో చట్టము వచ్చెను. భారతదేశమున 2001 నాటి నిబంధనలు సీసపు బ్యాటరీలకే పరిమితము. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నిబంధనలు అన్ని రకముల బ్యాటరీలను చేర్చుకొన్నవి. వీని ప్రకారము తయారుచేయువారు పాత బ్యాటరీలను సేకరించి పునరుద్ధరణకు పంపుటకు బాధ్యులు. వాడినవారికిని ఒక విధి కలదు: బ్యాటరీని ఇంటి చెత్తలో కలుపక వేరుగా ఉంచి, సేకరణ చేయువారికి అప్పగించుట.

మార్చు విధము, విడుచు విధము

పాత బ్యాటరీని తీయుటకు ముందు దాని మీది అక్షరములు చదువవలెను. 'ఎన్‌ఐ-సిడి' అని యున్నచో అది కాడ్మియము ఘటము. 'ఎన్‌ఐ-ఎంహెచ్' అని యున్నచో లోహ హైడ్రైడు ఘటము. వోల్టుల సంఖ్యయు, కొనలోని గొట్టపు ఆకారమును, ఎర్ర నల్ల తీగల క్రమమును క్రొత్తదానిలో సరిగా ఉండవలెను. తీగలను పట్టి లాగరాదు. చివరనున్న ప్లాస్టిక్ గొట్టమును పట్టి ఊడదీయవలెను. మరల నింపుటకు వీలులేని సామాన్య ఘటములను ఇందులో పెట్టరాదు. ఛార్జి చేసినచో అవి కారును, పగులును. లిథియము బ్యాటరీని కూడ పెట్టరాదు. దాని పీడనము వేరు, దానిని నింపు పద్ధతి వేరు. నిప్పు అంటుకొను ప్రమాదము కలదు. క్రొత్త బ్యాటరీని మొదటిసారి, టెలిఫోనుతో వచ్చిన పుస్తకములో చెప్పినన్ని గంటలు పూర్తిగా నింపవలెను.

ఇక పాతది. మూగబోయిన బ్యాటరీలో కూడ కొంత విద్యుత్తు మిగిలియుండును. తాళపు చెవులతోనో చిల్లర నాణెములతోనో కలిపి ఉంచినచో కొనలు కలిసి వేడెక్కును. కనుక కొనలకు అంటుడు పట్టీ చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేరుగా ఉంచవలెను. ఘటమును కోయుట, గ్రుచ్చుట, పలకలను విప్పి చూచుట కూడదు. తెల్లని పొడి గాని ద్రవము గాని కారియున్నచో వట్టి చేతులతో తాకరాదు. అది చర్మమును కాల్చు క్షారము. తగిలినచో ధారాళముగా నీటితో కడుగవలెను. పాత ఇనుప సామాను కొనువానికి అమ్మివేయుట సులభమే. కాని దానిని ఆరుబయట కాల్చి లోహము తీయుచోటికి అది చేరినచో, ఆ పొగను పీల్చువాడు ఆ పని చేయు కూలియే. అధికారపూర్వకముగా బ్యాటరీలను సేకరించు కేంద్రమునకో, అట్టివానిని తిరిగి తీసికొను దుకాణమునకో అప్పగించుటయే సరియైన పద్ధతి.

అక్కడి నుండి దాని ప్రయాణము వేరు. మూసిన కొలిమిలో వేడిచేసినప్పుడు మిగిలిన లోహముల కంటె ముందుగా కాడ్మియము ఆవిరియగును. దానిని చల్లార్చి శుద్ధమైన లోహముగా పట్టుదురు. మిగిలిన నికెల్, ఇనుము ఉక్కు తయారీకి పోవును. 767 డిగ్రీల వద్ద మరగు గుణము చెత్తమంటలో విషమైనది. కొలిమిలో అదే గుణము లోహమును వేరుచేయు సాధనమైనది. యుంగ్‌నర్ కర్మాగారము వెలసిన ఓస్కార్‌షామ్‌లోనే నేడు పాత ఘటముల నుండి కాడ్మియమును తీసి క్రొత్త ఘటములకు వాడుచున్నారు.

మందుల కొట్టులోని పొడి పసుపు రంగుకు మారుటను స్ట్రోమయర్ చిన్న విషయమని వదలలేదు. అందుచేత ఒక లోహము బయటపడెను. మూగబోయిన టెలిఫోనులోని ఘటమును కూడ చిన్న విషయమని వదలరాదు. పాఠశాలలో ఒక మూత గల ప్లాస్టిక్ డబ్బాను ఉంచి, పిల్లలు ఇండ్ల నుండి తెచ్చిన పాత బ్యాటరీలను కొనలకు పట్టీ చుట్టి అందులో చేర్చి, ఏడాదికి ఒకటి రెండు సార్లు సేకరణ కేంద్రమునకు పంపినచో, రసాయనశాస్త్ర పాఠములో చెప్పినది ఊరి నీటికి మేలుగా పరిణమించును.